కుడి చేతికే కట్టుకుంటా

మొన్న ఆదివారం మా కోడలు హారిక నా చేతికి కొత్త గడియారం కట్టింది. గడియారం అనడానికి నాకు నోరు రావడం లేదు, అదొక నల్లటి పలక. నేను వేసే అడుగులు లెక్కపెడుతుందట, గుండె ఎట్లా కొట్టుకుంటున్నదో చూస్తుందట, రాత్రి నిద్రపోయానో ఊరికే దొర్లానో పొద్దున్నే కొడుకూ కోడళ్లకు చాడీ చెబుతుందట. ఎంతకు కొన్నావని అడిగితే హారిక చెప్పలేదు. చెబితే బేరం మొదలుపెడతానని ఆమెకు తెలుసు. "ఫోన్లో కొన్నదానికి ఎవరితో బేరమాడతారు అత్తయ్యగారూ?" అంటుంది. అమ్మినవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు కదా, వాడి నంబరు ఇవ్వవే అంటే ఇవ్వదు. రాజమండ్రి వైపు పిల్ల, ఇక్కడే విమానాశ్రయంలో ఉద్యోగం. మాట మెత్తగా ఉంటుంది, పని మాత్రం చకచకా అయిపోతుంది. నా ఎడమ చెయ్యి అందుకుని పట్టీ బిగించి, తన ఫోన్లో ఏవేవో నొక్కుకుంటూ పోయింది. ఒకచోట తెర మీద ప్రశ్న వచ్చింది, ఏ చేతికి కట్టుకుంటారని. ఎడమ, కుడి అని రెండు గుండ్రాలు. ఎడమ గుండ్రంలో ముందే చుక్క పడి ఉంది.

"ఆగు. అది నన్ను అడుగుతున్నది గదా," అన్నాను.

"అందరూ ఎడమకే కట్టుకుంటారని అదే పెట్టేస్తుందండీ. ఏ చేతికైతే ఏముంది అత్తయ్యగారూ?"

"నాకు కుడికి."

హారిక నవ్వి వేలితో ఒకసారి తాకింది. చుక్క ఎడమ నుంచి కుడికి జరిగింది. పట్టీ విప్పి కుడి మణికట్టుకు కట్టింది. అయిపోయింది, ఇంకేం లేదు. ముందున్న చాయ్ కూడా చల్లారలేదు. ఆ పిల్ల తప్పేం అనలేదు, కానీ "ఏముంది" అన్న మాట నాకు గొంతులో చేపముల్లులా పట్టుకుంది. ఏముందో చెప్పాలని ఇట్లా కూర్చున్నాను. వినేవాళ్లు వినండి, బేరం లేదు.

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీదే మా కిరాణా దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనె పరదా. ఇప్పుడు అక్కడ రోడ్డు వెడల్పై, పైన వంతెన ఒకటి లేచింది. ఏ స్తంభం కింద మా గల్లా పెట్టె ఉండేదో నేను వేలు పెట్టి చూపించగలను, అడిగే మనిషే లేడు. పొద్దుగాల బాపు తలుపు పలకలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించేవాడు. ఆ పలకల చప్పుడే మా ఇంటికి కోడికూత. తర్వాత వాకిట్లో నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించి, తూకం వేసే తరాజు దండెను ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. చెవి మీద పెన్సిల్, మెడలో తువ్వాల, పెదవుల మీద వినపడని మంత్రమేదో. గ్యాసునూనె వాసన, బెల్లం వాసన, తడి మట్టి వాసన, ఎండుమిరపకాయల బస్తా విప్పగానే వచ్చే తుమ్ములు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. సాతంరాయి నుంచి, మంఖాల్ నుంచి కూడా మనుషులు మా దుకాణానికి వచ్చేవాళ్లు. "సేటు తరాజు ధర్మ తరాజు" అని వాళ్లంటే బాపు తల దించుకుని నవ్వేవాడు. ఆ ఒక్క మాటతో ఆయన పొద్దంతా ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పరదాకు ఇవతలా అవతలా రాజ్యం నాయనమ్మదే. నల్లగా, సన్నగా, నడుముకు తాళంచెవుల గుత్తితో, నోట్లో ఎప్పుడూ ఒక లవంగంతో ఉండేది. దుకాణంలోకి అరుదుగా వచ్చేది. వచ్చినప్పుడు మాత్రం తరాజు దగ్గరే నిలబడేది. దానికి ఆమె పెట్టిన నియమాలు గుళ్లో కూడా ఉండవు. కుడి పళ్లెం లచ్చిమి కూర్చునే చోటు, సరుకు ఎప్పుడూ దాంట్లోనే పొయ్యాలి. తూకం రాళ్లు ఎడమ పళ్లెంలో ఉండాలి. తరాజు ఖాళీగా ఊగరాదు, ఊగితే ఇంట్లో లచ్చిమి ఊగులాడుతుంది. అందుకని గిరాకీ లేనప్పుడు కూడా ఎడమ పళ్లెంలో ఒక చిన్న రాయి పెట్టి ఉంచాలి. పళ్లేలను బోర్లించరాదు. దీపావళికి వాటిని కడిగేది ఆమె, పసుపు కుంకుమ పెట్టేది ఆమె, ఇంకెవరి చెయ్యీ పడరాదు. బాపు ఈ నియమాలన్నీ పాలు తాగినప్పటి నుంచీ విన్నవాడు, ఒక్కటి కూడా తప్పేవాడు కాదు.

ఇంత నిష్ఠ గల ఇంట్లో నేను ఎడమ చేతి వాటం పిల్లగా పుట్టాను. చూడండి నా టైమింగ్. అన్నం తినేటప్పుడు నాయనమ్మ నా ఎడమ చేతిని కొంగుతో చుట్టి తన తొడ కింద పెట్టుకునేది. బడిలో పంతులు బలపాన్ని గుంజుకుని కుడి చేతిలో పెట్టేవాడు. వాళ్ల పట్టుదలకు తలొగ్గి తినడం, రాయడం కుడి చేత్తో నేర్చుకున్నాను. నా కుడి చేతి రాత చూస్తే మీకిప్పటికీ జాలేస్తుంది. కానీ దుకాణంలో నిలబడితే మాత్రం ఎడమ చెయ్యి ఆగేది కాదు. కందిపప్పు బస్తాలో అది మునిగి లేచిందంటే ఎంత వచ్చిందో చేతికే తెలిసేది. కుడి చెయ్యి ముంచితే సగం నేల మీద, సగం నా పావడా మీద. ఎడమ చేత్తో తీసేదాన్ని గనక పక్కనే ఉన్న ఎడమ పళ్లెంలో పోసేదాన్ని, రాళ్లు తీసి కుడి పళ్లెంలో పెట్టేదాన్ని. బాపు చూస్తే గుండె పట్టుకునేవాడు. "సరుకు ఎడమల పోస్తవేంది బిడ్డా! ఎడమ చేత్తోని ఇస్తే గిరాకోళ్లు ముట్టరు. లచ్చిమి అలుగుతది." గిరాకోళ్లకు నేను పొట్లం కుడి చేత్తోనే ఇచ్చేదాన్ని, ఆ మాత్రం వ్యాపారం నాకూ తెలుసు.

అసలు సంగతి ఏమిటంటే, నాకు గల్లా కావాలి. మోకాళ్ల నొప్పులతో బాపు గద్దె మీద పొద్దంతా కూర్చోలేకపోతున్నాడు. మా అన్నకు దుకాణం అంటేనే ఒళ్లు మంట, లారీలంటే ప్రాణం. రోడ్డు మీద హారన్ మోగితే చేతిలో పొట్లం సగం కట్టి అట్లాగే వదిలేసి బయటికి పరుగెత్తేవాడు. ఇక మిగిలింది నేను. నా ఈడు పిల్లలు పాటలు ఎట్లా వింటారో నేను బేరాలు అట్లా విని పెరిగాను. మాట ఎక్కడ ఆపాలి, ఎక్కడ మొహం తిప్పుకోవాలి, వెళ్లిపోతున్న మనిషిని ఎన్ని అడుగుల తర్వాత వెనక్కి పిలవాలి, అన్నీ నాకు ఒంటికి పట్టాయి. ఇంత విద్య నేర్చుకుని ఎవరింటికో పోయి వాళ్ల పప్పు కొలవడమా? నా వల్ల కాదు. అయినా గల్లా మీద కూర్చోబెట్టమని నోరు తెరిచి అడిగినప్పుడల్లా ఇంట్లో ఒకటే జవాబు, ముందు ఆ చెయ్యి మార్చుకో.

పదో తరగతి పాసైన రోజు బాపు పట్నం పోయి, పత్తర్‌గట్టీ బజారులో నాకొక చేతి గడియారం కొని తెచ్చాడు. చాబీ ఇచ్చేది, తెల్లటి మొహం, సన్నటి నల్ల తోలు పట్టీ. మా వాడకట్టులో ఆడపిల్ల చేతికి అదే మొదటి గడియారం. నేను గబుక్కున కుడి చెయ్యి చాపాను. పని చేసే చేతికి గడియారం ఎవరు కడతారు? బాపు నా కుడి చెయ్యి పక్కకు జరిపి, ఎడమ మణికట్టు పట్టుకుని, దానికి కట్టాడు. నాయనమ్మ పక్కనే నిలబడి చూసింది. "గింత పిరమైన వస్తువు ఉన్న చెయ్యిని ఇగ కారంల, నూనెల ముంచవు గద బిడ్డా," అన్నాడు బాపు, ప్రేమగానే. అప్పుడు అర్థమైంది. వాళ్లిద్దరూ కూర్చుని ఆలోచించుకుని కొన్న గడియారం అది. చిన్నప్పుడు కొంగుతో కట్టేసిన చెయ్యిని ఇప్పుడు గడియారంతో కట్టేశారు. వ్యాపారస్తులు కదా, కట్టేసినా మర్యాదగా కట్టేస్తారు.

వాళ్ల లెక్క తప్పింది. బాపు మధ్యాహ్నం నడుము వాల్చగానే నేను గద్దె ఎక్కేదాన్ని, గడియారం విప్పి కుడి చేతికి కట్టుకునేదాన్ని, ఎడమ చేతిని బస్తాలో దింపేదాన్ని. బాపు లేచి దగ్గిన చప్పుడు వినగానే మళ్లీ ఎడమకు. కుడి చేతికి కట్టుకుంటే చాబీ మోచేతి వైపు తిరిగి ఉంటుంది, ఎడమ చేత్తో తిప్పబోతే వేలు మడతపడుతుంది. ఆ గడియారం చేసినవాళ్లు కూడా మా నాయనమ్మ మనుషులేనని తిట్టుకునేదాన్ని. ఎండల్లో రెండు మణికట్లకూ రెండు తెల్లటి చారలు పడ్డాయి. ఆ చారలను మొదట కనిపెట్టింది సాయవ్వ.

సాయవ్వది సాతంరాయి. కూరగాయల గంప నెత్తి మీద పెట్టుకుని పొద్దున్నే బస్సుకు వచ్చేది, మధ్యాహ్నం ఖాళీ గంపతో మా దుకాణంలో సరుకులు కొనుక్కుని పోయేది. పెద్ద నోరు, పెద్ద బొట్టు. నేను గద్దె మీద ఉంటేనే లోపలికి వచ్చేది, బాపు ఉంటే అరుగు మీద కూర్చుని ఎదురుచూసేది.

"ఏందే బిడ్డా, రెండు చేతులకూ చారలున్నయి? గడియారం గిట్ల గట్ల తిరుగుతున్నదా?"

"జర మెల్లగ అవ్వా, బాపు వింటడు."

"విననీ. నీ చెయ్యి బర్కత్ చెయ్యి పిల్లా, పట్టింది పెరుగుతది. నువ్వు తూచిన బెల్లం ఇంటికి పోయి చూస్తే నిండుగ ఉంటది. ఎడమదైతేంది? దాపటెద్దును ఇడిచిపెట్టి ఒంటెద్దుతోని దున్నుతమా?"

ఆ మాట నన్ను నిలువునా నిలబెట్టింది. సాయవ్వ ఒక్కతే కాదు, మధ్యాహ్నం గిరాకీ పెరిగింది. సేటు బిడ్డ చెయ్యి మంచి చెయ్యి అని సాతంరాయి దాకా పేరు పాకింది. ఇక గల్లా నాదే అనుకున్నాను. అప్పుడే బాపు ఒక రోజు బస్తాల మధ్య నిలబడి, ఖాళీ అయిన బెల్లం బుట్టలోకి, కందిపప్పు బస్తా అడుగులోకి చూసి, నన్ను పిలిచాడు. నువ్వు కూర్చున్నప్పుడల్లా సరుకు తొందరగా అయిపోతున్నది, గల్లా మాత్రం నిండట్లేదు అన్నాడు. అరవలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "నీ చేతిల బర్కత్ లేదు బిడ్డా. అది నీ తప్పు కాదు. ఇగ దుకాణంలకు రాకు," అన్నాడు.

అరిచి ఉంటే ఎదురు అరిచేదాన్ని. జాలిపడ్డ మనిషితో బేరమెట్లా ఆడతాం? ఆ రాత్రి గడియారం విప్పి పెట్టెలో పడేశాను. ఒకే చెయ్యి, ఒకే తరాజు. కొనేవాళ్లకు బర్కత్, మాకు దరిద్రం. చెయ్యి కోసి పారేస్తే బాగుండుననిపించింది కూడా. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆ పదహారేళ్ల పిల్ల మీద కాదు, ఆమెకు అట్లా అనిపించేట్టు చేసిన వాళ్ల మీద.

దీపావళి వచ్చింది. పండగకు ముందు నాయనమ్మ బావి దగ్గర జారి పడి, చెయ్యి బెణికి, పసుపు పట్టు వేసుకుని మంచం ఎక్కింది. తరాజు కడగక తప్పదు. చాలా సేపు గొణిగి నన్నే పిలిచింది. "పైపైన చింతపండు రుద్ది నీళ్లు పొయ్యి. తిప్పకు, బోర్లించకు. బొట్టు నేనే పెడ్త." తిప్పొద్దని చెప్పకపోతే నిజంగా తిప్పేదాన్ని కాదు. పెరట్లో బావిగట్టు మీద కూర్చుని ఎడమ పళ్లెం తిప్పాను. ఇత్తడి, అంతే. కుడి పళ్లెం తిప్పాను. అడుగున ఏళ్ల తరబడి పెట్టిన పసుపూ కుంకుమా గట్టిపడి రూపాయి బిళ్లంత పొక్కు కట్టి ఉంది. చింతపండు వేసి రుద్దాను. ఎరుపు పోయింది, పసుపు పోయింది, దాని కింద లక్కతో అంటించిన సీసం ముక్క బయటపడింది.

చేతిలో పళ్లెంతో అట్లాగే కూర్చుండిపోయాను. తర్వాత నాయనమ్మ నియమాలు మెల్లగా ఒక్కొక్కటే వచ్చి తగిలాయి. సరుకు కుడి పళ్లెంలోనే ఎందుకు పొయ్యాలి? ఆ సీసం కూడా సరుకుతో కలిసి తూగడానికి. తరాజు ఖాళీగా ఎందుకు ఊగరాదు? ఊగితే కుడి పక్క కిందికి దిగి బండారం బయటపడుతుంది గనక. మరి నేను ఎడమ చేత్తో తీసి ఎడమ పళ్లెంలో పోసినప్పుడు? సీసం పోయి రాళ్ల పక్షాన చేరింది. కొన్నవాళ్లకు ప్రతిసారీ కొంచెం ఎక్కువ పోయింది. సాయవ్వ చెప్పిన బర్కతూ అదే, బాపు లేదన్న బర్కతూ అదే. నా చేతిలో ఏమీ లేదు, మంచీ లేదు చెడూ లేదు. అంతా పళ్లెం అడుగున ఉంది.

లోపలికి పోయి పళ్లెం నాయనమ్మ మంచం మీద బోర్లించి పెట్టాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది.

"తిప్పకుమన్న గదనే."

"అందుకే తిప్పిన."

"మీ తాత అంటించిండు. కరువుల. ఆయన పోయినంక తీసేద్దమనుకున్న. పిల్లలు సిన్నోళ్లు, ఇల్లు నడవాలె. గట్లనే ఉండిపోయింది."

"బాపుకు ఎర్కనా?"

నాయనమ్మ మొహం అప్పుడు మారింది. "తెల్వదు. తెలిస్తే మళ్ల గద్దె మీద కూసోడు వాడు. ధర్మ తరాజు అంటే పొంగిపోతడు. వాని ముంగట నోరు తెరిచినవో చూడు."

నేను ఏడుస్తానని, అరుస్తానని ఆమె అనుకుని ఉంటుంది. నేను దుకాణపోళ్ల పిల్లను. మంచం పట్టె మీద కూర్చుని బేరం మొదలుపెట్టాను. గల్లా నాకు ఇప్పించు అన్నాను. అది నా చేతిలో లేదంది. నీ చేతిలో లేనిది ఈ ఇంట్లో ఏముంది అన్నాను. సరే, కూసో, కానీ కుడి చేత్తో తూచాలె అంది. కాదు, ఎడమ చేత్తోనే. సరే, ఎడమ చేత్తోనే, కానీ గడియారం ఎడమకే ఉండాలె, చూసేటోళ్లకు మర్యాదగ ఉంటది అంది. కాదు, కుడికి.

"కుడి చేతికి గడియారం కడితే పిల్ల ఎడమ చేతిదని ఊరంతకు చాటింపు ఏసినట్టే. రేపు సంబంధానికి వచ్చినోళ్లు అడగరా?"

"అడగనీ. అవునని చెప్త."

"గింత మొండిదానివి ఎవరిని పోలినవే!"

"మంచంల పండుకున్నదాన్ని."

ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. ఇంకా ఏమన్నా ఉందా అంది. సీసం తీసెయ్యాలి అన్నాను. ఆ మాటకు మాత్రం పళ్లెం అడుగును బొటనవేలితో తడిమి చూసుకుంది. చివరికి పళ్లెం పొయ్యి దగ్గరికి తెమ్మంది. నిప్పుల సెగకు లక్క మెత్తబడింది. బెణకని చేత్తో తనే కత్తి మొనతో సీసం పెకలించింది. అది పొయ్యి బూడిదలో పడి చిన్నగా చప్పుడు చేసింది. అది ఆమె ఎడమ చెయ్యి. ఆమెకు తట్టిందో లేదో నాకు తెలియదు, నాకు తట్టింది.

ఆ సాయంత్రం బాపుతో నాయనమ్మ చెప్పిన మాట విని నేను పరదా వెనక నోరు మూసుకుని నవ్వాను. లచ్చిమి కలలోకి వచ్చిందట. నీ మనవరాలి ఎడమ చేతిలో నేనున్నా, ఆ పిల్లను గల్లా మీద కూసోబెట్టు అన్నదట. బాపు కలను ఎదిరించలేడు, తల్లిని అంతకన్నా ఎదిరించలేడు. సరే, పండగ తెల్లారి బోణి నువ్వే చెయ్యి బిడ్డా, బోణి మంచిగైతే గద్దె నీది, కాకపోతే మళ్ల అడగొద్దు అన్నాడు.

నేను చేసింది తప్పని మా పిల్లలంటారు. తండ్రికి చెప్పాల్సింది, ఊరికి చెప్పాల్సింది, నిజాన్ని అడ్డం పెట్టి బేరమాడతారా అంటారు. ఆడతాను. నాకు ఆ రోజు చేతిలో ఉన్న సరుకు అదొక్కటే. దాన్ని ఊరికే పారబోసి ఉంటే బాపు గుండె పగిలేది, దుకాణం మూతపడేది, నా చెయ్యి మళ్లీ కొంగు కిందికే పోయేది. దానికి బదులు ఒక దొంగ పళ్లెం సరిగ్గా తూచడం మొదలుపెట్టింది, ఒక పిల్ల గద్దె ఎక్కింది. ఏ తరాజులో వేసి చూసుకున్నా నాకు నష్టం కనపడదు. ఇప్పుడు శంషాబాద్‌లో ఏ దుకాణానికి పోయినా బల్ల మీద ఒకే పళ్లెం, ఎర్ర అంకెలు. కుడి ఎడమల తకరారే లేదు. గిరాకీ ఫోన్ చూపిస్తాడు, దుకాణపోడు తల కూడా ఎత్తడు, బోణి ఏ చేతి నుంచి ఏ చేతికి పోయిందో లచ్చిమికైనా తెలుసో లేదో. విమానం ఎక్కేముందు గడియారాలన్నీ విప్పి డబ్బాలో పెట్టిస్తారు, ఎవరిది ఏ చేతిదో అడగరు. మంచిదే. మా హారిక లాంటి పిల్లలకు "ఏముంది" అనే భాగ్యం దొరికింది, నాకేం కడుపుమంట లేదు. కానీ ఆ చుక్క ముందే ఎడమ గుండ్రంలో ఎందుకు కూర్చుని ఉంది? అడగనివాళ్లందరినీ అది ఎడమకే కట్టేస్తుంది కదా. అందుకే అడిగాను, ఇకముందు కూడా అడుగుతాను.

పండగ తెల్లారి నేను గద్దె మీద ఉన్నాను. గడియారం కుడి చేతికి, అందరికీ కనపడేట్టు, జాకెట్టు చేతులు పైకి మడిచి మరీ. బాపు పక్కన పీట మీద, మోకాళ్లు పట్టుకుని. పరదా వెనక నాయనమ్మ, నాకు ఆమె కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మొదటి గిరాకీ, పొద్దుగాల బస్సు దిగి నేరుగా వచ్చిన సాయవ్వ. ఇంతకన్నా మంచి బోణి ఏముంటుందని నా గుండె ఎగిరింది. బెల్లం అడిగింది. ఎడమ చేత్తో గడ్డలు తీసి ఎడమ పళ్లెంలో వేశాను, దండె నిలబడింది, ముల్లు కదల్లేదు. సాయవ్వ దాన్ని చూసింది, బెల్లాన్ని చూసింది, మొహం చిట్లించింది.

"ఏంది బిడ్డా, గింతేనా?"

"తూకం అంతే అవ్వా."

"మొన్నటిదాంక నిండుగ వస్తుండె. గద్దె ఎక్కంగనే నీ చెయ్యి పిసినారిదైందేంది?" నా చేతి మీద ఆమె కళ్లు ఆగాయి. "గదీ సంగతి. గడియారం కుడికి ఎక్కింది. గది ఎక్కినంకనే నీ బర్కత్ పోయింది. తీసి ఎడమకు కట్టుకో పో, గప్పుడు కొంట."

నా వైపు ఉన్న ఒకే ఒక్క మనిషి కూడా గడియారం మార్చుకోమంటున్నది. బాపు పీట మీద నుంచి సగం లేచాడు. "మార్చుకో బిడ్డా. బోణి టైముల లొల్లి ఎందుకు? ఎన్కకు పోతే మంచిది కాదు." పరదా కింద నాయనమ్మ కాళ్లు కదల్లేదు. గిరాకీ వెనక్కి పోతే గద్దె పోతుంది. గడియారం మారిస్తే గద్దె ఉంటుంది, కానీ రేపటి నుంచి దాని మీద కూర్చునేది నేను కాదు, వాళ్లు కట్టేసిన చెయ్యి.

"మార్చ," అన్నాను. "నువ్వే దగ్గరికి రా అవ్వా. రాళ్లు ఈ పక్కకు, బెల్లం ఆ పక్కకు నీ చేత్తోనే మార్చు. ముల్లు ఎటన్న వంగితే గడియారం తీసి నీ గంపల ఏస్త."

మా దుకాణం పుట్టినప్పటి నుంచి ఆ మాట గిరాకీతో అన్నవాళ్లు లేరు. అనడానికి వీలు లేకుండె. బాపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు, లచ్చిమి పళ్లెం మీద బయటి మనిషి చెయ్యి పడుతున్నదని. సాయవ్వ గంప దించి, కొంగు దోపుకుని, గద్దె దగ్గరికి వచ్చింది. రాళ్లు తీసి ఎడమ పళ్లెంలో పెట్టింది, బెల్లం గడ్డలు తీసి కుడి పళ్లెంలో పెట్టింది. దండె ఊగింది, ఊగింది, నిలబడింది. ముల్లు నడిమధ్యన. ఆమె వంగి కింది నుంచి కూడా చూసింది. లేచి నా మొహంలోకి చూసింది.

"తూకం సరిగ్గనే ఉన్నది. మరి మొన్నటిదాంక ఎక్కువెందుకు పోసినవే?"

"మొన్నటిదాంక నేర్చుకుంటున్న అవ్వా. ఇప్పుడొచ్చింది."

పరదా వెనక నుంచి ఒక దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని నాకు తెలుసు. సాయవ్వ పెద్దగా నవ్వి పైసలు గల్లా మీద పెట్టింది, బాపు వాటిని కళ్లకద్దుకున్నాడు. పొట్లం కట్టి కుడి చేత్తో ఇవ్వబోయాను, అలవాటు. ఆగిపోయాను. పొట్లాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని చాపాను. సాయవ్వ ఆ చెయ్యిని చూసింది, బాపును చూసింది, పొట్లం అందుకుని గంపలో వేసుకుంది. అయినా కదల్లేదు. అరచెయ్యి మళ్లీ నా ముందు చాపింది.

"కొసరేది?"

బుట్టలో నుంచి చిన్న బెల్లం ముక్క విరిచి, అదే చేత్తో ఆమె చేతిలో పెట్టాను. అక్కడే, మా బాపు ముందే, నోట్లో వేసుకుంది.